మా షిఫ్టే ఎందుకు కష్టంగా వచ్చింది? – పాఠకుల ప్రశ్నలు, మేడం జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ముందరేసుకుని చూస్తే సగానికి పైన ఒకటే గోల, నార్మలైజేషన్, అంటే వేర్వేరు షిఫ్టుల్లో వేర్వేరు పేపర్లు రాసినోళ్ళ మార్కుల్ని ఒకే తూకానికి తెచ్చే లెక్క. విచిత్రం ఏందంటే "మా షిఫ్టు కష్టంగా ఇచ్చినారు" అని రాసినోళ్ళే అందరూ, "మాకు ఈజీగా వచ్చింది మేడం, కొంచెం తగ్గించుకోమనండి" అని రాసినోళ్ళు మాత్రం లేరు. సరే, ఈసారి కాలమ్ అంతా దీనికే ఇచ్చేస్తా ఉండా. హాస్టల్ ఫీజులు, ఏ బ్రాంచ్ తీసుకోవాల అనేవి వచ్చే నెలకి.

ప్రశ్న: మేడం, మా అబ్బాయి ఎంసెట్ పొద్దున షిఫ్టులో రాసినాడు, కీ చూసుకుంటే 90 మార్కులు. మా చెల్లెలి కొడుకు వేరే రోజు మధ్యాహ్నం రాసినాడు, వానికి 80. తీరా రిజల్ట్ వచ్చినాక ఇద్దరికీ 85 దగ్గరే ఉండాది, మావాడికి అర మార్కు కూడా ఎక్కువ లేదు. మా ఇంట్లో పండగ వాళ్ళింట్లో చేసుకుంటా ఉండారు. మావాడి పది మార్కులు ఎవరు తీసుకున్నట్టు? – ఒక తల్లి, పుత్తూరు

జవాబు: అమ్మా, ఆ పది మార్కులు ఎవరూ ఎత్తుకుపోలేదు. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ మీరు పోల్చకూడని రెండింటిని పోలుస్తా ఉండారు.

ఎంసెట్ (2021 నుంచి పేరు ఈఏపీసెట్ అయింది గానీ మన ఊర్లో ఎవర్ని అడిగినా ఎంసెటే) ఇంజనీరింగ్‌కి రాసేవాళ్ళు రెండున్నర లక్షల పైన. 2017 నుంచి కంప్యూటర్ మీద పరీక్ష, అన్ని కంప్యూటర్లు ఒకే పూట యాడ తెస్తారు, అందుకని కొన్ని రోజుల పాటు రోజుకి రెండు పూటలు, పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5. పూటకో పేపర్. 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. పేపర్ సెట్ చేసేవాళ్ళు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసినా అన్ని పేపర్లూ ఒకే బరువుతో రావు. అందుకని మార్కుని మార్కు మాదిరి కాకుండా, ఆ షిఫ్టులో మిగతావాళ్ళు ఎట్లా రాసినారో దాంతో కలిపి చూస్తారు.

లెక్క భయపడేంత ఏం లేదు. షిఫ్టు సగటుకి స్టాండర్డ్ డీవియేషన్ (అంటే మార్కులు సగటుకి అటూ ఇటూ ఎంత చెల్లాచెదురుగా ఉండాయో చెప్పే కొలత) కలిపితే ఒక అంకె. అదే షిఫ్టులో అందరికన్నా పైన ఉన్న 0.1 శాతం పిల్లల సగటు ఇంకో అంకె. ఈ రెండే మళ్ళీ అన్ని షిఫ్టులూ కలిపి తీస్తారు. మొత్తం నాలుగు అంకెలు. ఇంజనీరింగ్ పీజీకి రాసే గేట్ పరీక్షలో కూడా ఇదే పద్ధతి.

చూపిస్తా, అంకెలు నేనే పెట్టుకుంటా ఉండా. అన్ని షిఫ్టులూ కలిపి మొదటి అంకె 67, పైవాళ్ళ సగటు 147 అనుకోండి, మధ్యలో దూరం 80. మీవాడి షిఫ్టు ఈజీ, అక్కడ మొదటి అంకె 72, పైవాళ్ళ సగటు 150, దూరం 78. మీవాడికి 90, అంటే 72 కన్నా 18 ఎక్కువ. ఆ 18ని 80తో గుణించి 78తో భాగించి 67కి కలిపితే 85.46. ఇంక మీ చెల్లెలి కొడుకు షిఫ్టు కష్టం, అక్కడ మొదటి అంకె 62, పైవాళ్ళ సగటు 142, దూరం 80. వాడి 80 మార్కులు 62 కన్నా 18 ఎక్కువ. 67కి 18 కలిపితే 85. చూసినారా, ఇద్దరూ తమ తమ షిఫ్టుల్లో అదే 18 మార్కుల ఎత్తులో ఉండారు. పది మార్కుల తేడా పిల్లోళ్ళది కాదు, పేపర్లది.

ఇంతవరకు నేను ఆ ఫార్ములా పక్షమే. కానీ దాంట్లో నాకు నచ్చనిది ఒకటుంది, అదీ చెప్తా. 20 వేల మంది రాసిన షిఫ్టులో 0.1 శాతం అంటే ఎంతమంది? ఇరవై మంది. ఆ ఇరవై మంది మార్కుల సగటు మీద ఆధారపడి మిగతా 19,980 మందికి మార్కులు సాగడమో కుదించుకోవడమో జరుగుతుంది. మీవాడి షిఫ్టులో ఆ ఇరవై మంది సగటు 150 కాకుండా 152 అయ్యుంటే, మీవాడికి 85.46 బదులు సరిగ్గా 85 వచ్చేది. వానికి సంబంధం లేని ఇరవై మంది పిల్లలు ఆ పూట బాగా రాసినందుకు వాని అర మార్కు పోతుంది. పైన టాప్ వెయ్యిలో ఉన్నోళ్ళకి అర మార్కు పెద్ద లెక్క కాదు, జనం అక్కడ పల్చగా ఉంటారు. 80, 90 మార్కుల దగ్గర మాత్రం పిల్లలు కిక్కిరిసి ఉంటారు, అర మార్కుకే ర్యాంకు బాగా కిందకి జారిపోతుంది.

ఇంకొక్క మాట. మన రాష్ట్రంలో ఎంసెట్‌కి 75 శాతం, ఇంటర్‌కి 25 శాతం వెయిటేజీ (తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ ఎత్తేశారు). గ్రూపు సబ్జెక్టులు 600కి లెక్కేసిన పద్ధతిలో చూస్తే ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో పదకొండు మార్కుల పైచిలుకుతో సమానం. షిఫ్టు గురించి ఇంట్లో ఇంత యుద్ధం జరిగింది కదా, ఇంటర్ మార్కులు ఎవరికి ఎన్నో అది కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి, ర్యాంకుల తేడా సగం అక్కడే తేలిపోవచ్చు. చెల్లెలితో మాట్లాడటం మాత్రం మానుకోవద్దు.

ప్రశ్న: మేడం నేను బాలాజీ కాలనీలో రూమ్ తీసుకుని జేఈఈ మెయిన్ ప్రిపేర్ అవుతా ఉండాను. జనవరిలో నాకు 180 మార్కులకి 98.9 పర్సంటైల్ వచ్చింది, నా రూమ్మేట్‌కి 165 కే 99.2 అంట. సార్ వాళ్ళేమో "అంతా లక్ రా" అంటారు. అసలు ఈజీ షిఫ్టు పడాలంటే ఏ సిటీ పెట్టుకోవాల, ఏ డేట్ పడితే బాగుంటుంది, ఏదైనా ట్రిక్ ఉందా? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ట్రిక్ లేదు నాయనా. తేదీ, షిఫ్టు నీ చేతిలో ఉండవు. ఉన్నా ఈజీ షిఫ్టు కోరుకోవడం తెలివితక్కువ పని, ఎందుకో చెప్తా.

ఎన్‌టీఏ (ఢిల్లీలో ఉండే జాతీయ పరీక్షల సంస్థ) 2019లో ఈ పరీక్ష చేతికి తీసుకున్నప్పటినుంచీ ర్యాంకు ఇచ్చేది మార్కుల మీద కాదు, పర్సంటైల్ మీద. నీ షిఫ్టులో రాసినోళ్ళలో నీ అంత లేదా నీకన్నా తక్కువ వచ్చినోళ్ళు నూటికి ఎంతమంది, అంతే, ఏడు దశాంశ స్థానాల దాకా. 1,20,000 మంది రాసిన షిఫ్టులో 1,18,800 మంది నీ దగ్గరో నీ కిందో ఉంటే నీది 99. ఆ షిఫ్టులో ఫస్ట్ వచ్చినోడికి 300కి 300 వచ్చినా, 285 వచ్చినా 100 పర్సంటైలే. అందుకే ప్రతి షిఫ్టులోనూ ఒక వంద పర్సంటైల్ వాడు ఉంటాడు.

మన కొండ మెట్లతో చెప్తే ఇంకా బాగా ఎక్కుతుందేమో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఒకడు అలిపిరి నుంచి మూడు గంటల్లో ఎక్కినాడు, ఇంకొకడు శ్రీవారి మెట్టు నుంచి గంటన్నరలో ఎక్కినాడు, ఎవడు గట్టోడు? టైం చూసి చెప్పలేం. అదే, అలిపిరిలో వానితో జతగా బయల్దేరిన వెయ్యి మందిలో వీడు ఎన్నోవాడు, ఆ పక్క దారిలో బయల్దేరిన వెయ్యి మందిలో వాడు ఎన్నోవాడు అని చూస్తే ఒక దారి దొరుకుతుంది. పర్సంటైల్ చేసేది అదే. నీ రూమ్మేట్ 165తోనే తన దారిలో నీకన్నా ముందున్నాడు, వాని దారి నిటారుగా ఉంది కాబట్టి.

అయితే దీంట్లో ఒక మెలిక ఉంది, మీ సార్ వాళ్ళు "లక్" అని తేల్చేసి చెప్పకుండా వదిలేసింది అదే. రెండు దారుల్లో బయల్దేరిన జనం ఒకే రకం అయితేనే ఈ లెక్క నిలబడుతుంది. శ్రీవారి మెట్టులో అంతా కుర్రోళ్ళు, అలిపిరిలో అంతా ముసలోళ్ళు అనుకో, అప్పుడు అలిపిరిలో వందో స్థానం, అక్కడ వందో స్థానం ఒకటి కాదు. పరీక్షలో లక్ష మందిని ఏ ఆర్డరూ లేకుండా షిఫ్టులకి పంచేస్తే గుంపులు ఇంచుమించు ఒకే రకంగా పడతాయి, అంత పెద్ద సంఖ్యలో తేడాలు సర్దుకుపోతాయి. ఒకే సెషన్లో షిఫ్టుల మధ్య నాకు పెద్ద అనుమానం లేదు. జనవరి గుంపు, ఏప్రిల్ గుంపు మధ్య అయితే అనుమానం ఉంది. జనవరికి ఇంటర్ పోర్షన్ పూర్తికాని పిల్లలు ఉంటారు, ఏప్రిల్‌కి అందరూ పబ్లిక్ పరీక్షలు రాసేసి పదునుగా వస్తారు, జనవరిలో బాగా వచ్చినోళ్ళలో కొందరు మళ్ళీ రాయరు. వీటిలో ఏది ఎటు లాగుతుందో బయటినుంచి తూకం వేయలేం. నీకు మాత్రం రెండిట్లో ఏది ఎక్కువ వస్తే అదే లెక్క, కాబట్టి ఏప్రిల్ రాయి.

ఈజీ షిఫ్టు ఎందుకు కోరుకోకూడదంటే, పేపర్ ఈజీగా ఉంటే బాగా చదివినోళ్ళందరికీ 250 పైన వచ్చి అక్కడ ఇరుక్కుని ఉంటారు, ఒక్క సిల్లీ మిస్టేక్‌కి, అంటే నాలుగు మార్కులు పోయి నెగెటివ్ ఇంకొకటి, మొత్తం ఐదుకి, పర్సంటైల్ దబ్బున పడిపోతుంది. కష్టమైన పేపర్లో అదే తప్పు చేసినా అంత దెబ్బ తగలదు. 15 లక్షల మంది రాసే పరీక్షలో 0.1 పర్సంటైల్ అంటే 1,500 ర్యాంకులని గుర్తుపెట్టుకో. నీకు, మీ రూమ్మేట్‌కి తేడా 0.3. అంటే వాడు నీకన్నా నాలుగున్నర వేల ర్యాంకు ముందు, పదిహేను మార్కులు తక్కువ తెచ్చుకుని. కడుపు మండుతుంది, కాదనను.

ప్రశ్న: మా పాప తెలుగు మీడియంలో చదివింది, నీట్ తెలుగులో రాయిద్దామంటే మా బావ "తెలుగులో పేపర్ వేరే ఇస్తారు, కష్టంగా ఉంటుంది, ఇంగ్లీషే పెట్టుకో" అంటా ఉండాడు. నిజమేనా మేడం? – ఒక తండ్రి, శ్రీకాళహస్తి

జవాబు: మీ బావ చెప్పేది పూర్తిగా గాలి మాట కాదు, కానీ పాతబడిపోయిన మాట. 2017లో నిజంగానే అట్లా జరిగింది. ఆ ఏడు నీట్ సీబీఎస్‌ఈ పెట్టింది, తెలుగుతో కలిపి పది భాషల్లో. ఇంగ్లీష్, హిందీ వాళ్ళకి ఒక పేపర్, ప్రాంతీయ భాషల వాళ్ళకి ప్రశ్నలే వేరే. ఒక పేపర్ లీకయినా మొత్తం పరీక్ష పోకూడదని అట్లా చేశామన్నారు, అన్నీ ఒకే స్థాయిలో ఉండాయని కూడా అన్నారు. ఒకే ర్యాంకు లిస్టుకి వేర్వేరు ప్రశ్నలు, దాని మీద నార్మలైజేషన్ లేదు. షిఫ్టుల గొడవ దీని ముందు ఎందుకూ పనికిరాదు. మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ మే నెలలో ఫలితాలు ఆపేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు ఆ స్టే తీసేసి ఫలితాలు రానిచ్చింది, కానీ ఈ పద్ధతి మీద తర్వాత గట్టిగానే అడిగింది, 2018 నుంచి అందరికీ ఒకటే పేపర్, అనువాదం మాత్రమే అని బోర్డు ఒప్పుకుంది.

ఒకటే పేపర్ అయినాక ఇంకో రకం తంటా వచ్చింది. 2018లో తమిళ అనువాదంలో 49 ప్రశ్నల్లో తప్పులున్నాయని అదే మదురై బెంచ్ తమిళంలో రాసిన పిల్లలకి ప్రశ్నకి నాలుగు చొప్పున 196 మార్కులు కలపమంది. 720కి 196! ఆ తీర్పు సుప్రీంకోర్టులో నిలబడలేదు, ఆ ఏడాది నవంబర్లో కొట్టేశారు. నిలబడుంటే తెలుగులో, బెంగాలీలో రాసినోళ్ళ గతి ఏమయ్యేదో.

ఇప్పుడు మీ పాప సంగతి. తెలుగు ఎంచుకుంటే బుక్‌లెట్లో ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉంటాయి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీష్ ప్రశ్నే ఫైనల్. కాబట్టి పాపకి తెలుగే పెట్టండి, కానీ ఏదైనా వాక్యం అర్థంపర్థం లేకుండా కనిపిస్తే వెంటనే పక్కన ఇంగ్లీష్‌లో చూసుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేయించండి, బయాలజీ పేర్లు రెండు భాషల్లోనూ రావాల. ఇంక బుక్‌లెట్ కోడ్‌లు వేరేవేరే ఉంటాయి కదా అని భయపడొద్దు, ప్రశ్నలు అవే, వరస మారుతుంది, పక్కోడిది చూసి రాయకుండా.

ప్రశ్న: అక్కా, మెగా డీఎస్సీ రాసినాను. నార్మలైజేషన్లో నాకు మూడు మార్కులు తగ్గినాయి, పోస్టు పోయింది. మా మండలంలోనే నాకన్నా తక్కువ మార్కులు వచ్చినామెకి పెరిగి ఉద్యోగం వచ్చింది. ఒక జిల్లాకి ఒకటే పేపర్ పెట్టుంటే ఈ గోల ఉండేది కాదు కదా? – పలమనేరు నుంచి ఒక సోదరి

జవాబు: అవునమ్మా, ఈ విషయంలో నేను నీ పక్షమే.

2025 మెగా డీఎస్సీ 16,347 టీచర్ పోస్టులకి, జూన్ 6 నుంచి జూలై 2 దాకా నడిచింది. పరీక్షకి 80, టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకి) 20. దశాంశాల్లో ఉద్యోగాలు తేలిపోయే పోటీ. ఎంసెట్‌లో ర్యాంకు కొంచెం జారితే కాలేజీ మారుతుంది, చదువు ఆగిపోదు. ఇక్కడ మూడు మార్కులంటే జీతం వస్తుందా రాదా అనే లెక్క. పైగా పోటీ ప్రధానంగా జిల్లాలో, నీ కేటగిరీలో ఉన్నోళ్ళతో, రాష్ట్రం మొత్తంతో కాదు. అట్లాంటప్పుడు ఒక జిల్లాలో ఒక పోస్టుకి పోటీపడేవాళ్ళని ఒకే పూట కూర్చోబెడితే చాలు, వేరే జిల్లాకి వేరే పేపర్ ఇచ్చినా ఎవరికీ నష్టం లేదు. "ఒక జిల్లా ఒక పేపర్" అని అభ్యర్థులు అడిగింది దీనికోసమే, అది ఊరికే చేసిన రచ్చ కాదు.

అయితే ఫార్ములా నీకు ద్రోహం చేసిందా అంటే, చేసిందని చెప్పలేను. ఆమె షిఫ్టు కష్టం అయ్యుంటే పెరగడం న్యాయమే. నువ్వు మనసు పాడుచేసుకుని ఆమెని తిట్టుకోవద్దు, ఆమె ఫార్ములా రాయలేదు.

ప్రశ్న: మా అన్న వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు, వాళ్ళ పాప శాట్ (అక్కడ కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) రాస్తుంది. అక్కడ సంవత్సరానికి చాలాసార్లు పెడతారు, పేపర్లు వేరే, అయినా నార్మలైజేషన్ గోల వినపడదే? వాళ్ళు ఏం చేస్తారు, మనోళ్ళు ఎందుకు చేయలేరు? – చిత్తూరు

జవాబు: గోల లేదని ఎవరన్నారు! 2018 జూన్‌లో జరిగిన శాట్ పేపర్ ఈజీగా వచ్చింది, పిల్లలు సంతోషపడ్డారు, స్కోర్లు చూసుకుంటే ముందు రాసినప్పటికన్నా ఎక్కువ ప్రశ్నలు కరెక్ట్ చేసినోళ్ళకి కూడా తక్కువ వచ్చినాయి. మళ్ళీ స్కోర్ చేయమని సోషల్ మీడియాలో పెద్ద ఉద్యమమే నడిపినారు. పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు ఒప్పుకోలేదు. ఈజీ పేపర్లో ఒక తప్పుకి ఎక్కువ స్కోర్ పోతుందని వాళ్ళ వాదన, పైన తిరుపతి అబ్బాయికి నేను చెప్పిందే.

వాళ్ళ పద్ధతిని ఈక్వేటింగ్ అంటారు. మనం "నీతోబాటు రాసినోళ్ళలో నువ్వెక్కడ" అని చూస్తాం. వాళ్ళు ఆ పూట ఎవరు కూర్చున్నారనే దాన్ని పట్టించుకోరు, ప్రశ్న ఎంత కష్టమో ముందే కొలిచి పెట్టుకుంటారు. ఎట్లా కొలుస్తారంటే, డిజిటల్ శాట్‌లో (అంటే కంప్యూటర్ మీద రాసేదాంట్లో) ప్రతి మాడ్యూల్లో, అంటే పేపర్లో ఒక్కో భాగంలో, రెండు ప్రశ్నలు లెక్కలోకి రానివి ఉంటాయి, అవి ఏవో పిల్లలకి తెలియదు. వాటిని ఎంతమంది, ఎట్లాంటివాళ్ళు చేయగలిగారో చూసి ఆ ప్రశ్న బరువు రాసి పెట్టుకుని, తర్వాత ఇంకో పరీక్షలో అసలు ప్రశ్నగా వాడతారు. బయటి దేశాల్లో 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి డిజిటల్ అయిపోయింది, అది ఇంకా వింత, మొదటి మాడ్యూల్ బాగా చేస్తే రెండోది కష్టంగా వస్తుంది, సరిగ్గా చేయకపోతే ఈజీగా. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే పేపర్ ఉండదు, అయినా 400 నుంచి 1600 దాకా ఒకే స్కేలు మీద స్కోర్ వస్తుంది. మీ అన్న కూతురు "రెండో మాడ్యూల్ చంపేసింది బాబాయ్" అంటే కంగారు పడకండి, మంచి వార్తే.

మనం ఎందుకు చేయలేమంటే, ప్రశ్న ఒకసారి వాడినాక దాచిపెట్టాలి. మన దగ్గర పరీక్ష అయిన కొన్ని రోజులకే ప్రశ్నపత్రం, పిల్లోడి రెస్పాన్స్ షీట్, కీ మూడూ ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు, ఆ రాత్రికే కోచింగ్ వాళ్ళు సొల్యూషన్ వీడియోలు వేసేస్తారు. దాచిన ప్రశ్నల గోడౌన్ మనకి ఉండదు. మరి దాచమందామా? నేనైతే వద్దంటా. కీ చూపించకుండా స్కోర్ మాత్రం చెప్పి "నమ్ముకోండి" అంటే మన తల్లిదండ్రులు మరుసటి రోజు పొద్దునకే కోర్టు గేటు దగ్గరుంటారు, ఉండాలి కూడా.

ప్రశ్న: ఇదంతా ఎందుకు మేడం, ఒకే రోజు ఒకే పేపర్ పెట్టేస్తే పీడా పోతుంది కదా. నీట్ పీజీకి సుప్రీంకోర్టు చెప్పినట్టు అన్నిటికీ చెప్పొచ్చు కదా? – ఒక హౌస్ సర్జన్, తిరుపతి

జవాబు: డాక్టరు బాబూ, మీ పరీక్షకి అది కుదిరింది. 2024 ఆగస్టులో నీట్ పీజీ రెండు షిఫ్టుల్లో పెట్టి నార్మలైజ్ చేశారు, గొడవయింది, 2025 మే 30న సుప్రీంకోర్టు ఒకే షిఫ్టులో పెట్టమంది, ఏ రెండు పేపర్లూ ఒకే కష్టంతో ఉండవు కాబట్టి ఒకే షిఫ్టుకి వీలున్నప్పుడు నార్మలైజేషన్ వాడకూడదనే అర్థంలో. జూన్ 15న జరగాల్సింది ఆగస్టు 3కి పోయింది, దాదాపు రెండు లక్షల నలభై వేల మందికి ఒకే పూట సెంటర్లు వెతికారు. 2024 నవంబర్లో ప్రయాగ్‌రాజ్‌లో యూపీపీఎస్సీ (ఉత్తరప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) ఆఫీసు ముందర పిల్లలు కూర్చుంటే అక్కడ కూడా పీసీఎస్ ప్రిలిమ్స్ (ఆ రాష్ట్ర ఆఫీసర్ ఉద్యోగాలకి మొదటి పరీక్ష) ఒకే రోజుకి మార్చారు. అడిగితే జరుగుతుందని తేలింది.

కానీ జేఈఈ మెయిన్ లాంటి దానికి ఒకే పూట అంటే మళ్ళీ కాగితం, ఓఎంఆర్, ట్రంకు పెట్టెలు, బ్యాంకు లాకర్లు. ఒకే పేపర్ లీకయితే దేశం మొత్తం పోతుంది. 2024 నీట్ యూజీ అంతా ఒకే పూట, ఒకే పేపరే కదా, ఏం జరిగింది? కొన్ని సెంటర్లలో టైం పోయిందని 1,563 మందికి గ్రేస్ మార్కులు ఇచ్చారు, కోర్టుకెక్కినాక వాటిని తీసేసి, కావాలన్నోళ్ళకి జూన్ 23న మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆ రెండోసారి పేపర్ మొదటిదాంతో సమానమని ఎవరు తూకం వేశారు? ఎవరూ లేరు. ఒక ఫిజిక్స్ ప్రశ్నకి రెండు జవాబులు ఒప్పుకున్నందుకు టాపర్ల లిస్టే మారిపోయింది, ఐఐటీ ఢిల్లీ వాళ్ళని అడిగి ఒకటే కరెక్ట్ అని తేల్చాల్సి వచ్చింది. ఒకే పేపర్‌లో కూడా తంటాలు ఇన్ని.

నా మాట అడిగితే, రెండు మూడు లక్షల లోపు పరీక్షలన్నీ ఒకే పూట పెట్టాల, డీఎస్సీ లాంటివి జిల్లాకి ఒకటి. అంతకన్నా పెద్దవి షిఫ్టుల్లోనే పెట్టినా, పుత్తూరు తల్లికి నేను చెప్పిన ఆ నాలుగు అంకెలు ప్రతి పిల్లోడి ర్యాంకు కార్డు మీదే వేయాల, షిఫ్టులో ఎంతమంది రాసినారో కూడా. ఇంట్లో కాలిక్యులేటర్ పెట్టి ఐదు నిమిషాల్లో సరిచూసుకునేలా ఉంటే సగం కేసులు కోర్టు దాకా పోవు.

ప్రశ్న: ఒక ప్రశ్న తప్పుందని డ్రాప్ చేసి అందరికీ మార్కులు కలిపితే మాకు లాభమే కదా మేడం? కీ మీద అబ్జెక్షన్ పెట్టాలా వద్దా? – చంద్రగిరి

జవాబు: నువ్వు ఆ ప్రశ్న కరెక్ట్‌గా చేసుంటే నీకు నష్టం నాయనా! జేఈఈ మెయిన్‌లో డ్రాప్ అయిన ప్రశ్నకి చేసినోడికీ చేయనోడికీ అందరికీ ఫుల్ మార్కులు. మూడు నిమిషాలు కుస్తీపడి నువ్వు తెచ్చుకున్న నాలుగు మార్కులు పక్కోడికి ఊరికే వచ్చేస్తాయి, నీ పర్సంటైల్ ఒక మెట్టు దిగుతుంది. అందుకని ప్రశ్నే తప్పు అని అనిపిస్తే ఒక లెక్క, కీలో ఆప్షన్ తప్పు అనిపిస్తే ఇంకో లెక్క. నీ జవాబు కరెక్ట్ అయ్యి కీ తప్పుగా ఉంటే కచ్చితంగా పెట్టు. ప్రశ్నకి 200 రూపాయలు ఫీజు, రెండు మూడు రోజులే టైం ఉంటుంది, ఎన్‌సీఈఆర్‌టీ పేజీ ఫోటో తీసి జత చెయ్. ఫీజు కట్టి రసీదు వచ్చిందాకా పేజీ మూయొద్దు, డబ్బు కట్టని అబ్జెక్షన్‌ని వాళ్ళు చూడరు.